కాంట్రాక్టరు సగానికి పైగా డబ్బు తీసుకుని పని ఆపేశాడు, ఇంకా ఇవ్వాలా?

పేట_శ్రీను
నరసరావుపేటలో జీ ప్లస్ వన్ కట్టిస్తున్నాం. నేను ఉండేది బెంగళూరు, సైటు నాన్న చూసుకుంటున్నారు. ఫ్లోరుకు 1,200 చొప్పున 2,400 ఎస్‌ఎఫ్‌టీ. మెటీరియల్‌తో కలిపి ఎస్‌ఎఫ్‌టీ 1,850కి మాట్లాడుకున్నాం, అంటే 44 లక్షల 40 వేలు. 100 రూపాయల స్టాంపు పేపరు మీద రెండు పేజీల అగ్రిమెంటు. అడ్వాన్సు 10 శాతం, బేస్‌మెంటు అయ్యాక 15, మొదటి స్లాబుకు 25, రెండో స్లాబుకు 25, ప్లాస్టరింగుకు 15, తాళాలిచ్చేటప్పుడు 10.

మొదటి స్లాబు దాకా బాగానే నడిచింది. తర్వాత ఇనుము రేటు పెరిగేలా ఉంది, ముందే కొనిపెడతానంటే విడిగా 3 లక్షలు ఇచ్చాం. మొత్తం 25 లక్షల 20 వేలు వెళ్ళాయి. ఇనుము రాలేదు. దసరాకి ఊరెళ్ళిన కూలీలు తిరిగి రాలేదంటాడు. కింద గోడలు సగంలో ఆగాయి. నిన్న ఫోన్ చేసి ఇంకో 4 లక్షలు వేస్తే సోమవారం మొదలెడతాను, లేదంటే మీ ఇష్టం, వేరేవాళ్ళతో చేయించుకోండి అన్నాడు. మనిషి చెడ్డవాడని అనలేను, పని కూడా నీటుగానే ఉంది. ఇవ్వాలా, మనిషిని మార్చాలా?

అత్తిలి_బుల్లోడు
ఇవ్వకండి.

ఊరికే_చదువుతా
పైన బుల్లోడు చెప్పిన మాటే నాదీ. "సోమవారం మొదలెడతా" అన్న మాటకి ఏ సోమవారమో అడిగారా?

పద్మజ_బెజవాడ
అందుకే మెటీరియల్‌తో గుత్తకివ్వకూడదని నెత్తీనోరూ కొట్టుకుంటాను. లేబర్ కాంట్రాక్టు ఇచ్చి సరుకు మనమే కొనుక్కుంటే ఈ గోల ఉండదు. మా పాయకాపురం ఇల్లు అలాగే కట్టించాను. సిమెంటు, ఇనుము, ఇసుక, ఇటుక అన్నీ నేనే తెప్పించా.

అత్తిలి_బుల్లోడు
మేడమ్, పోయినేడాది మీరే కదా "ఇసుక లారీ అర్ధరాత్రి వచ్చింది, మేస్త్రీ సగం సిమెంటు గడ్డ కట్టించాడు" అని ఇక్కడ నాలుగు పేజీలు ఏడ్చారు?

పద్మజ_బెజవాడ
ఏడ్చాను. అయినా నా సిమెంటు నా కళ్ళ ముందే గడ్డ కట్టింది, డబ్బు పక్కూరి సైటుకి పోలేదు.

ఎంబుక్_తాతయ్య
రిటైరైన గవర్నమెంటు ఇంజనీరును (ఏఈ). శ్రీనుగారూ, ముందు ఒక్కటి చెప్పండి. ఇప్పటిదాకా జరిగిన పని విలువ ఎంతని ఎవరైనా కొలిచారా? కట్టిన డబ్బు లెక్క మీ దగ్గర పైసాతో సహా ఉంది. పని లెక్క మాత్రం "మొదటి స్లాబు దాకా" అన్న ఒక్క ముక్కే.

మీ స్టేజీలు చూడండి. మొదటి స్లాబుకే 50 శాతం వెళ్ళిపోతుంది. కానీ జీ ప్లస్ వన్ ఇంట్లో పునాదులు, బేస్‌మెంటు, ఒక స్లాబు, సగం గోడలు కలిపితే మొత్తం ఖర్చులో మూడో వంతు, మహా అయితే 35 శాతం. టైల్స్, తలుపులు, కరెంటు, ప్లంబింగు, రంగులు, వీటి దగ్గరే అసలు డబ్బు తాగుతుంది. 35 శాతమంటే పదిహేనున్నర లక్షలు. మీరిచ్చింది పాతిక. అంటే పది లక్షల దాకా మీ డబ్బు ఆయన దగ్గరుంది, పని రూపంలో కాదు.

పేట_శ్రీను
అగ్రిమెంటు ఫార్మాట్ ఆయనదే తాతయ్యగారూ. ఊళ్ళో అందరూ అలాగే ఇస్తారన్నాడు.

ఎంబుక్_తాతయ్య
ఊళ్ళో అందరూ అలాగే ఇస్తారు, నిజమే. అందుకే ఊళ్ళో సగం ఇళ్ళు ఒక స్లాబుతో ఆగి ఉంటాయి.

మేస్త్రీ_కొడుకు
మా నాయన ముప్పై ఏళ్ళు కాంట్రాక్టులు చేసిండు, నేను చేస్తున్న. ఇక్కడ అందరు ఓనర్లే గాబట్టి ఒక మాట నేను గూడ చెప్త. 1,850కి మెటీరియల్‌తో కలిపి ఒప్పుకున్నడంటే ఆయనకు మిగిలేది అంతంతే. మీరు వేరేటోళ్ళను గూడ అడిగే ఉంటరు, వాళ్ళు 2,100 జెప్పిండ్రని ఈయనను పట్టుకున్నరు, అవునా? ఇప్పుడు పోయిన సైటు ఓనరు ఫైనల్ బిల్లు కొట్టడు, షాపాయన సిమెంటు బాకీ అడుగుతడు, మీ అడ్వాన్సు ఆ బాకీకి పోతది. రేపు మీ స్లాబుకు ఇంకొకరి అడ్వాన్సు. గిట్ల తిరుగుతది. దొంగతనం చేస్తున్నడని గాదు, మొదట్లో ఒక ఓనరు ఎగ్గొట్టిన పైసలు ఆయన మెడకు చుట్టుకున్నయి.

ఇంకోటి. ఎక్స్‌ట్రా పనులు ఏమేం చేయించిన్రు? అది జెప్పరు గద.

డాలస్_సుబ్బు
మేస్త్రీ_కొడుకు అడిగింది అసలు ప్రశ్న.

పేట_శ్రీను
మెట్లు వాస్తు ప్రకారం ఇటు నుంచి అటు తిప్పించారు నాన్న, పునాది పుటింగు వేశాకే. సంపు 6 వేల లీటర్లు అనుకున్నది 10 వేలు చేశారు. ముందువైపు సజ్జా ఒకటి కలిపారు. ఇవన్నీ నోటిమాటే. ఆయనా డబ్బులేమీ అడగలేదు, "చూసుకుందాం లెండి సార్" అన్నాడు.

మేస్త్రీ_కొడుకు
గదే. "చూసుకుందాం లెండి" అంటే మా లైన్ల బిల్లు రాసుకున్నట్టే.

అత్తిలి_బుల్లోడు
మా మావయ్యగారింట్లో "చూసుకుందాం లెండి" ఖరీదు 2 లక్షల 60 వేలండి. గృహప్రవేశం ముందు రోజు చూసుకున్నారు.

ఊరికే_చదువుతా
వాస్తు సిద్ధాంతిని కూడా అగ్రిమెంటులో మూడో పార్టీగా చేర్చాలి. మార్పుకింత అని ఆయన ఫీజులోంచి కోయాలి.

వకీలు_వరంగల్
కొందరు రెరాకు, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు, వెళ్ళమంటారు, ముందే చెబుతున్నా. రెరా బిల్డర్ దగ్గర ఫ్లాటో విల్లానో కొన్నవాళ్ళకి. నిర్మాణ లోపాలకు ఐదేళ్ళ పూచీ కూడా అక్కడిదే. సొంత స్థలంలో కాంట్రాక్టరుతో కట్టించుకునేవాళ్ళకి ఆ దారి లేదు. మీకున్నది వినియోగదారుల కమిషన్. ఇల్లు కట్టి ఇస్తానని డబ్బు తీసుకోవడం సేవే కాబట్టి కేసు నిలుస్తుంది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్ చాలు. రెండేళ్ళలోపు వెయ్యాలి. పోలీస్ స్టేషనుకి వెళితే "ఇది సివిల్ మేటర్" అని పంపేస్తారు.

కానీ ఇవన్నీ చివరి మాట. కేసు నడిచినన్నాళ్ళూ మీ పిల్లర్ల చువ్వలు వానకి తుప్పు పడుతుంటాయి.

కండ్లకోయ_రెడ్డి
మా సీఐ తెలుసు, ఒక్క ఫోన్ కొట్టిస్తే...

వకీలు_వరంగల్
కొట్టించండి. కాంట్రాక్టరు ఫోన్ స్విచ్చాఫ్ చేసుకుంటాడు, కూలీలు ఇంకో ఊరు పోతారు, పనికి మీ సీఐగారే తాపీ పట్టాలి.

డాలస్_సుబ్బు
నేను కాకినాడలో అమ్మావాళ్ళకి ఇక్కణ్ణుంచే కట్టించాను, రెండేళ్ళ కిందట. మొదట్లో రోజూ వాట్సాప్ వీడియో కాల్. మేస్త్రీ ఫోన్ పట్టుకుని ఎండలో తిరుగుతాడు, నాకు కనపడేది ఆయన బొటనవేలు, నీలం ఆకాశం. మానేశాను. కాంట్రాక్టరుతో సంబంధం లేని సివిల్ ఇంజనీరును ఒకాయన్ని విజిట్‌కింత అని మాట్లాడుకున్నా. రోజూ రానక్కర్లేదు. పుటింగు కాంక్రీటుకు ముందు, ప్లింత్ బీముకు ముందు, ప్రతి స్లాబుకు ముందు రోజు, స్లాబు రోజు. ఆయన ఓకే అని మెసేజ్ పెడితేనే డబ్బు. మొత్తం ఫీజు ఇంటి ఖర్చులో ఒక శాతం కూడా కాలేదు.

ఆయన చేసిందల్లా స్లాబు ముందు రోజు చువ్వల కింద ఎత్తుకు పెట్టే కవర్ బ్లాకులు ఉన్నాయా అని వంగి చూడటం, బీము రింగుల మధ్య దూరం టేపుతో కొలవడం, కాంక్రీటు పోసే రోజు బలం పరీక్షకు క్యూబులు పోయించడం. ఒక్కసారి రింగులు దూరం ఎక్కువైందని పోత ఆపించాడు. అమ్మ ఫోన్‌లో ఏడుపు, ముహూర్తం దాటిపోతోందని. కాంట్రాక్టరు అలిగాడు. మర్నాడు సరిచేసి పోశారు.

పద్మజ_బెజవాడ
ముహూర్తం మార్చమని అమ్మని ఒప్పించినవాడికి ఇల్లు కట్టడం ఒక లెక్కా!

ఎంబుక్_తాతయ్య
సుబ్బుగారు చెప్పింది నూటికి నూరు. శ్రీనుగారూ, మీ స్లాబుకి సిమెంటు ఎన్ని బస్తాలు పడిందో తెలుసా? మందం ఎంత?

పేట_శ్రీను
మందం 5 అంగుళాలు. బస్తాలు నాన్నే లెక్కపెట్టారు. నోటితో కాదు, ఖాళీ సంచులు ఒక్కటీ బయటికి పోనివ్వకుండా గోడవారన పేర్పించి సాయంత్రం లెక్కపెట్టారట. 146.

ఎంబుక్_తాతయ్య
నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. 1,200 అడుగులకు 5 అంగుళాలంటే 500 ఘనపుటడుగులు, సుమారు 14 క్యూబిక్ మీటర్లు. బీములు ఇంకో 4 అనుకుందాం. ఎం20 రకం కాంక్రీటుకి సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్ళ లెక్కన క్యూబిక్ మీటరుకు 8 బస్తాలు. 18 ఎనిమిదులు 144. సరిపోయింది. అంటే ఆయన సరుకు దగ్గర మోసం చెయ్యలేదు. ఆయన రోగం డబ్బు తిప్పుకోవడంలోనే ఉంది, మేస్త్రీ_కొడుకు చెప్పినట్టు. అలాంటివాణ్ణి మార్చక్కర్లేదు, డబ్బు ఆయన చేతికి పోకుండా పని నడిపించాలి.

మేస్త్రీ_కొడుకు
ఖాళీ సంచులు మా మిల్లరోళ్ళు, అంటే కాంక్రీటు కలిపే మిషనోళ్ళు, అమ్ముకుంటరు తాతా, వాళ్ళ చాయ్ పైసలు అవి. శ్రీను వాళ్ళ నాయన అది గూడ ఆపిండా?

పేట_శ్రీను
లెక్కపెట్టాక వాళ్ళకే ఇచ్చేశారండి.

గేటెడ్_ట్రెజరర్
ఇదే టాపిక్ కాబట్టి మా గోడు కూడా. మియాపూర్ దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ ఏజెన్సీ బిల్లు 12 మందికి. రాత్రి రెండింటికి కిందకి దిగి చూస్తే 9 మంది. అడిగితే "రిలీవర్ లేట్ సార్". నెల నెలా ఇదే. ఏం చెయ్యాలి?

ఊరికే_చదువుతా
రాత్రి రెండింటికి మీరెందుకు దిగారు సార్?

ఓటీ_రావు
నేను ఫెసిలిటీ మేనేజ్‌మెంటులో పని చేస్తాను. తలకింత అని అగ్రిమెంటు ఉంటే హాజరు మీ రిజిస్టరులో ఉండాలి, ఏజెన్సీ రిజిస్టరులో కాదు. మీ బయోమెట్రిక్, మీ సంతకం. బిల్లు దాని ప్రకారం. ఖాళీ షిఫ్టుకు జీతం కోతే కాక పెనాల్టీ కూడా రాసుకోవాలి, లేదంటే మనిషిని పెట్టకపోవడమే ఏజెన్సీకి లాభం.

అంతకంటే ముఖ్యం, ప్రతి నెలా బిల్లుతో పాటు పోయిన నెల పీఎఫ్ చలానా, ఈఎస్‌ఐ చలానా అడగండి. చలానా ఒక్కటే కాదు, ఎవరెవరికి కట్టారో పేర్లున్న పీఎఫ్ రిటర్ను (ఈసీఆర్) కాపీ. అందులో మీ గేటు దగ్గర నిలబడేవాడి పేరుందో లేదో చూడండి. ఈఎస్‌ఐ ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25. మీ బిల్లులో ఇవి కలిపే వసూలు చేస్తున్నారు. కట్టకుండా మింగితే రేపు నోటీసు మీ అసోసియేషన్‌కి కూడా రావచ్చు.

గేటెడ్_ట్రెజరర్
ఈసీఆర్ ఎప్పుడూ అడగలేదు. ఇవాళే మెయిల్ పెడతాను. లిఫ్ట్ ఏఎంసీ గురించి కూడా...

అత్తిలి_బుల్లోడు
లిఫ్ట్‌కి వేరే థ్రెడ్ వేసుకోండి బాబూ, శ్రీనుగారి గోడలు ఇంకా సగంలోనే ఉన్నాయి.

కండ్లకోయ_రెడ్డి
నేనైతే వీణ్ణి పీకి కొత్తవాణ్ణి పెడతా. పోయిన పది లక్షలు దేవుడి హుండీ అనుకుంటా.

పద్మజ_బెజవాడ
మీ హుండీ పెద్దది రెడ్డిగారూ. మధ్యలో వచ్చే కొత్త కాంట్రాక్టరు మొదటి మాట ఏంటో తెలుసా? "పాతాయన పిల్లర్లు సరిగా లేవు, నా పూచీ లేదు." రేటు కూడా ఎక్కువే చెబుతాడు.

వకీలు_వరంగల్
మార్చాల్సి వస్తే కూడా ముందు ఉమ్మడి కొలతలు. ఇద్దరి సమక్షంలో, ఫొటోలు, తేదీ, సంతకాలు. సైటులో ఉన్న సెంట్రింగు షీట్లు, సపోర్టు బొంగులు, మిల్లరు ఆయనవి, వాటికి తాళం వేసి పట్టుకుంటే కేసు మీ మీదకు తిరుగుతుంది. ఆయన రాకపోతే స్పీడ్ పోస్టులో నోటీసిచ్చి, ఫలానా రోజు కొలతలు తీస్తామని చెప్పి, ఇద్దరు సాక్షుల ముందు తీసుకోండి. కొలవకుండా కొత్తవాణ్ణి దింపితే ఎవరిది ఎంత పనో తర్వాత బ్రహ్మ కూడా చెప్పలేడు.

జీఎస్టీ_గిరి
ఒక చిన్న మాట. చివర్లో "18 శాతం జీఎస్టీ కట్టండి" అనే రకం చాలామంది ఉన్నారు. మెటీరియల్‌తో కలిపిన కాంట్రాక్టుకు, కాంట్రాక్టరు రిజిస్టరై ఉంటే, జీఎస్టీ ఉంటుంది. కాబట్టి రేటు పన్నుతో కలిపా, విడిగానా అన్నది రాసుకోవాలి. విడిగా ఒక్క సొంత ఇల్లు కట్టుకుంటూ వట్టి లేబరు కాంట్రాక్టు ఇస్తే దాని మీద జీఎస్టీ లేదు. ఇంకోటి, ఒకే కాంట్రాక్టరుకు ఏడాదిలో 50 లక్షలు దాటి ఇస్తే మామూలు ఇంటి ఓనరు కూడా టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను ముందే, కొయ్యాలి. శ్రీనుగారిది 44 కాబట్టి బతికిపోయారు.

ఎంబుక్_తాతయ్య
శ్రీనుగారికి నా సలహా ఇది. 4 లక్షలు ఆయన ఖాతాలో వెయ్యొద్దు, అలాగని గొడవా పడొద్దు. సైటుకి పిలవండి. కొలతలు తియ్యండి. ఆయన ఎక్స్‌ట్రాలు ఆయనకి ఒప్పుకోండి, అది న్యాయం. మిగతాది మీ డబ్బని ఆయన చేత రాయించండి. ఇక మీదట సిమెంటు, ఇనుము షాపుకి మీరే కట్టండి, దిగుమతి మీ సైటులోనే. ఇనుము వేబ్రిడ్జి చీటీతో రావాలి. అనుమానమొస్తే 12 ఎంఎం చువ్వ ఒకటి తూయండి, 12 మీటర్ల పొడవుకు 10.65 కిలోల దగ్గర ఉండాలి, 5 శాతం అటూఇటూ ఫర్వాలేదు. లేబరుకి వారం వారం జరిగిన పనిని బట్టి ఇవ్వండి. ఆయన దగ్గరున్న మీ డబ్బు రెండో స్లాబు, ప్లాస్టరింగు బిల్లుల్లోంచి కొంచెం కొంచెం తెగ్గొట్టండి. ఒకేసారి తెగ్గొడితే పారిపోతాడు.

గవర్నమెంటు పనుల్లో ఏఈ ఎం.బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, కొలత రాయకుండా బిల్లు కదలదు. ఆ బిల్లులో కూడా కొంత పట్టుకుని, పని నిలిచిందని తేలాకే వదులుతారు. ఇంటికి ఆ పుస్తకం 40 రూపాయల లాంగ్ నోట్‌బుక్కు.

మేస్త్రీ_కొడుకు
తాత చెప్పింది ఒప్పుకుంట, ఒక్క దాని తప్ప. లేబర్ పైసలు శనివారం సాయంత్రానికి అందాలె. సోమవారం చూద్దామంటే ఆదివారం సంతకు పైసల్లేక వాళ్ళు ఇంకో మేస్త్రీ దగ్గరికి పోతరు. మంది పోతే కాంట్రాక్టరు గూడ ఏం జెయ్యలేడు. కొలిచే ఇంజనీరు ఆదివారం వస్తనంటే పని నడవది.

ఎంబుక్_తాతయ్య
అది నేను రాయాల్సింది. శుక్రవారం కొలత, శనివారం డబ్బు.

డాలస్_సుబ్బు
కూలీలకు ప్రమాద బీమా పాలసీ కూడా తీసుకోండి. ప్రీమియం తక్కువే. పై అంతస్తు పరంజా మీద పని మొదలయ్యేలోపే.

పేట_శ్రీను
శనివారం ఊరెళ్ళి వచ్చాను. పాలిటెక్నిక్‌లో చెప్పి రిటైరైన మాస్టారొకాయన్ని నాన్న పట్టుకొచ్చారు. కాంట్రాక్టరు రాడనుకున్నా, వచ్చాడు, వాళ్ళ బావమరిదిని వెంటేసుకుని. మొదట్లో గొంతులు లేచాయి. మాస్టారు టేపు తీసి పిల్లరు దగ్గర ఒక కొస ఆయన చేతికే ఇచ్చి పట్టుకోమన్నారు. మధ్యాహ్నం దాకా కొలిచారు, ప్రతి అంకెనూ ఆయన చేతే రాయించారు. జరిగిన పని 16 లక్షలకు తేలింది. మెట్లు, సంపు, సజ్జా కలిపి ఆయన 2 లక్షలన్నాడు, మాస్టారు లక్షా 40 వేలకు దించారు, నాన్న ఒప్పుకున్నారు. మిగిలిన 7 లక్షల 80 వేలు మాదని రాసి సంతకం పెట్టాడు. పిడుగురాళ్ళ దగ్గర సైటులో ఇరుక్కుందని తనే చెప్పాడు.

తాతయ్యగారు చెప్పినట్టే పాత అగ్రిమెంటుకి అనుబంధంగా ఒక పేజీ రాసుకున్నాం. సరుకు మేం కొని ఆయన బిల్లులో తగ్గించుకుంటాం. మార్పు ఏదైనా పుస్తకంలో రేటుతో సహా రాసి ఇద్దరూ సంతకం పెట్టాకే మొదలు. నాన్న కూడా సంతకం పెట్టాలి, అది మాస్టారే పట్టుబట్టి రాయించారు. ఇవాళ ఆరుగురు దిగారు, గోడలు నడుస్తున్నాయి.

కండ్లకోయ_రెడ్డి
7.80 రాబట్టాక చెప్పండి. సంతకం కాగితం మీదుంది, డబ్బు పిడుగురాళ్ళలో ఉంది.

వకీలు_వరంగల్
నిజమే. కానీ నిన్నటిదాకా ఆ కాగితం కూడా లేదు. ఒరిజినల్ బెంగళూరు తీసుకెళ్ళండి, సైటులో జిరాక్సు చాలు.

అత్తిలి_బుల్లోడు
నాన్నగారి చేత కూడా సంతకం పెట్టించిన మాస్టారి నంబరు కావాలండీ, మా మావయ్యగారు మళ్ళీ పైన పెంట్‌హౌస్ అంటున్నారు.

పేట_శ్రీను
రెండో స్లాబుకి నేను సెలవు పెట్టి వెళదామనుకుంటున్నా. ముందుగా ఏం చూసుకోవాలి?

ఎంబుక్_తాతయ్య
ముందు రోజు వెళ్ళండి, స్లాబు రోజు ఎవరూ మీ మాట వినే తీరికలో ఉండరు. కరెంటు పైపులు, ఫ్యాను బాక్సులు వేశాక, కాంక్రీటు పోయకముందు పైనుంచి గది గదికీ ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత డ్రిల్లింగప్పుడు పనికొస్తాయి. వైబ్రేటర్లు రెండు, ఒకటి పాడైతే ఇంకోటి. బూడిద కలిసిన పీపీసీ సిమెంటు అయితే గట్లు కట్టి నీళ్ళు కనీసం 10 రోజులు నిలపాలి. బీముల కింద సపోర్టు రెండు వారాలైనా తియ్యనివ్వొద్దు, 6 మీటర్లు దాటిన బీముంటే మూడు వారాలు. షీట్లు వేరే సైటుకి కావాలని ఆయన తొందరపెడతాడు.

మేస్త్రీ_కొడుకు
తొందరపెడతడు, పక్కా. అద్దె షీట్లు గద. రెండు వారాల అద్దె ఎవరిదో గూడ ఆ నోట్‌బుక్కుల ఇప్పుడే రాయించుకోన్రి.